కాలమ్ నంబర్ పదకొండు

హన్మకొండల కలెక్టరేటు గోడ పక్కన
జిరాక్స్ డబ్బాకూ చాయ్ బండికీ నడుమ
రెండు కుర్చీలు, ఒక అట్ట, నాలుగు రీఫిళ్లు.
ఇదే నా దుకాణం.
ఫారానికి ముప్పై రూపాయలు.
తప్పు వోతే మళ్ల ఉత్తగనే రాసిస్త.

నిరుద్యోగి, నిరుద్యోగి, నిరుద్యోగి అని
దినాం ఇరవైసార్లు రాస్త.
అదే నా ఉద్యోగం.

కాలమ్ నంబర్ పదకొండు:
'స్థాపించదలచిన యూనిట్ వివరాలు.'
ఆడికి రాంగనే మనిషి గొంతు మారుతది.
అప్పటిదాక తండ్రి పేరు, ఇంటి నంబరు, ఆధారు
పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పినోడు
జరసేపు ఆగుతడు.

పర్వతగిరి దిక్కు నుంచి వచ్చిన ఓదెలు
'టెంట్‌హౌసు' అన్నడు.
నేను రాసినంక, మెల్లగ,
'కుర్చీలు నీలియి తెస్తనే అన్నా,
ఎర్రయి అందరికాడున్నయి' అన్నడు.
కుర్చీల రంగు రాయనీకి ఫారంల జాగ లేదు.
అయినా అంచుకు రాసిన, చిన్నగ.

కరీమాబాద్ వినోద వచ్చిన దినం
పెన్ను చేతికిస్తే ముట్టలే.
'బీఈడీ చదివిన, రాయరాక కాదు.
చెప్పే బడి మూతవడ్డది.
పొద్దటి సంది యార్డుల మిరపకాయల తొడిమెలు తీసిన.
ఈ చేతుల్తోని కాయితం వడితే
ఆఫీసరు తుమ్ముతడు' అన్నది.
కాలమ్ పదకొండుల: కారం గిర్ని.
ఆమె ఒక్కతే ఆగకుంట చెప్పింది.

ఇగ తిరుగుడు.
ఎవలకూ బాకీ లేనని
ఏడు బాంకుల కాయితం తేవాలె,
ఒక్క బాంకుకు బాకీ పడేటందుకు.
మొదటి మేనేజరు బదిలీ మీద పోయిండు.
రెండో మేనేజరు ఫైలు కొత్తగ చదివిండు.
షూరిటీకి మేనమామ ఒప్పుకున్నడు,
మేనత్త ఒప్పుకోలే.
కొటేషన్‌ల మిషిను లక్షా ఎనభై,
దుకాణంల లక్షా ముప్పై.
నడుమ యాభై ఎవలు మింగిండ్రో
రాసెటందుకు కాలమ్ లేదు.

పదమూడు నెలలకు గిర్ని తిరిగింది.
ఫోటో దియ్యనీకి సార్లు వచ్చిండ్రు.
మిషిను పక్కన నిలవెట్టి
'నవ్వమ్మా' అంటె నవ్వింది,
కండ్లల్ల నీళ్లు బొటబొట.
'సంతోషమా?' అన్నడొక సారు.
'కారం సార్' అన్నది.
ఆ ఫోటోనే ఆఫీసు గోడకు పెట్టిండ్రు,
కింద ఏదో మంచిమాట రాసి.

అబద్ధం కాదు, సబ్సిడీ వచ్చింది.
మూడేండ్లు ముట్టొద్దని
బాంకులనే తాళమేసిండ్రు, అంతే.
మిరపకాయకు నాలుగు నెలల కాలం,
కిస్తుకు పన్నెండు.
ఈ లెక్క పథకం రాసినోళ్లకు తట్టలే.
వినోదకు వానకాలంల తట్టింది.
ముసుర్ల ఎవలూ కారం పట్టియ్యరు.
పసుపు పట్టింది, బియ్యప్పిండి పట్టింది,
కరెంటు పోయినప్పుడు
గిర్ని అరుగు మీద పిల్లలకు లెక్కలు చెప్పింది.
నోటుబుక్కులన్ని పచ్చగయినయంట.
ఒక పిల్లగాడు భిన్నాలు చేసుకుంట తుమ్మితే
తప్పు దొరికిందనుకున్నదంట.

మొన్న వచ్చి పావుకిలో కారం ఇచ్చింది.
'ముప్పై రూపాయలు ఆనాడే ఇచ్చినవు గద' అంటె
'ఇది ఫారానికి కాదు,
అట్ట నా దిక్కు తిప్పి
రాసింది సదువుకోమన్నవు సూడు, దానికి' అన్నది.

'నువ్వెందుకు పెట్టుకోవన్నా?'
అందరూ ఒక్కసారన్న అడుగుతరు.
పోయినేడు నాకోసం ఒక ఫారం తీసిన.
వయసు కాడ ఆగిపోయిన,
పదకొండు దాక పోనేలే.
ఆ ఫారం పారెయ్యలే,
వెనకపక్క తెల్లగున్నది, చాయ్ లెక్కలు రాస్తున్న.

ఓదెలు సంగతి ఇంక తేలలే.
బడ్జెటు రాలేదంటరు, లిస్టు పైకి పోయిందంటరు.
సోమారం సోమారం వస్తడు,
ప్రజావాణిల చీటీ ఇచ్చి
సాయంత్రందాక నా పక్కన్నే ఉంటడు.
ఉన్న రెండో కుర్చీ ఆయనకే వేస్త.
కూసోని, చేతులాన్చే కాడ గోరుతోని గీకుతడు.
అది ఎర్రది.